ఊరు పట్టించుకున్న బడి

"బీదవాళ్లు కూలి మాన్పించి ఆడపిల్లను బడికెందుకు పంపుతారు?" అనే మాట మీరు విని ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో రంగారెడ్డి జిల్లా పల్లెల చరిత్ర చూసి చెప్పండి.

1991లో అక్కడ ఎం.వి. ఫౌండేషన్ బాలకార్మికుల కోసం పని మొదలుపెట్టింది. ముందుండి నడిపించినది ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు. బడిలో లేని ప్రతి బిడ్డా కార్మికుల లెక్కే అన్నారు ఆమె. అంటే ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకొని తిరిగే పిల్ల కూడా! ఆ పిల్లను అంతవరకు ఎవరు లెక్కపెట్టారు?

పత్తి విత్తనాల చేలను తలంచండి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక్కొక్క పువ్వునూ చేతితో క్రాసింగ్ చేయాలి. ఆ పనికి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టేవారు. రైతు ముందే తల్లిదండ్రులకు అప్పు ఇచ్చేవాడు, పిల్ల చేనికి కట్టుబడిపోయేది.

మరి పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే నిలుస్తుందా? అందుకే శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. తీరా చేర్చాక బడిలో చాలినంతమంది ఉపాధ్యాయులు లేరు. అప్పుడు ఊరివారే కమిటీగా కూడి, చందాలు వేసుకొని, చదువుకున్న యువతీ యువకులను బోధనకు పెట్టుకున్నారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు కొందరు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఇంటింటికీ తిరిగారు. కూలి వదులుకొని పిల్లను పంపినది ఆ బీద తల్లిదండ్రులే, గమనించండి.

2003లో శాంతా సిన్హా గారికి మెగసెసె పురస్కారం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు, సగం మంది స్త్రీలు ఉండాలి. పన్నెండేళ్ల పిల్లను ఆమె ఈడు పిల్లల తరగతిలోనే చేర్చుకోవాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది.