బంజరు అని రాసిందెవరు?

భూమి ముచ్చట – 9వ భాగం



పోయిన భాగంలో దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంటు గురించి రాశాను. 2015 జూన్ 8న శంకుస్థాపన, 4,000 మెగావాట్లు, ఎక్కువ భాగం అటవీ భూమి, పక్కనే కృష్ణ. 2022లో హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని ఆపి మళ్లీ అధ్యయనం చేయమంటే, 2024 ఫిబ్రవరి 20న ఇంకోసారి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సి వచ్చిన సంగతి కూడా చెప్పాను. అది చదివి మిర్యాలగూడ దిక్కు తండా నుంచి వచ్చే ఒక విద్యార్థి క్లాసు అయిపోయాక నన్ను ఆపి అడిగాడు.

“సార్, బొగ్గు వద్దంటున్నరు, మంచిదే. మరి గాలి మరలు పెడితే అయిపాయె గదా? పొగ లేదు, బూడిద లేదు. ఎవలకు నష్టం?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నేను చదివింది తెలుగు సాహిత్యం, కరెంటు గురించి నాకు తెలిసింది బిల్లు కట్టడమే. కానీ వాని ప్రశ్నలో చివరి మాట నన్ను వదల్లేదు. ఎవలకు నష్టం? నష్టపోయినవాడు ఎవడో తేల్చేది ఎవరు? దీనికి జవాబు మన జిల్లాల్లో దొరకదు, మన దగ్గర గాలి మరల కొండలు లేవు. అనంతపురం పోవాలి.

పాత అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మీదుగా బోడి కొండల వరుస ఒకటుంది. వానలు తక్కువ, కరువు ఎక్కువ. 1990ల మొదట్లో ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ కలిసి ఆ కొండల్ని కాపాడటం మొదలుపెట్టారు. వాళ్లు చేసిన పని వినడానికి చిన్నదే. ఎండాకాలం మంటలు అంటుకోకుండా చూడటం, కావలి మనుషుల్ని పెట్టుకోవడం, గొడ్డలి పడకుండా ఆపడం, కొన్ని మొక్కలు నాటడం. మిగతాది కొండే చేసుకుంది. ఇరవై ఏండ్లలో ఏడు వేల ఎకరాలకు పైగా అడవి లేచింది. దానికి కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. వాగుల పొడవునా ఈత చెట్లు వచ్చాయి, బుట్టలకు చీపుర్లకు ఈతాకు దొరికింది. ఇళ్ల మీద కప్పుకోవడానికి బోద గడ్డి దొరికింది. గొర్రెలకు మేత, చెరువుకు నీళ్లు.

ఇదంతా కంటికి కనబడేది. రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ భూమి బంజరే.

ఆ ఒక్క మాట చాలింది. నల్లకొండ మీద 50.4 మెగావాట్ల పవన విద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. ఒక్కోటి 0.8 మెగావాట్ల మరలు, మొత్తం 63. కొండ నెత్తి మీదికి అంత పెద్ద రెక్కల్ని మోసే లారీలు ఎక్కాలంటే వెడల్పాటి రోడ్లు కావాలి. రోడ్లకు కొండను కోశారు. కోసిన మట్టీ రాళ్లూ వాగుల్లోకి జారాయి. నిటారుగా కోసిన గట్ల మీద గొర్రెలు జారిపడుతున్నాయని కాపరులు మొత్తుకున్నారు. 2013లో విషయం చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

మరి ముందే ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పుకోవచ్చు కదా అంటారా? అసలు అది జరగదు. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్ లేదు. థర్మల్ ప్లాంటుకైతే కనీసం ఒక టెంటు, ఒక మైకు, వేదిక మీద కలెక్టర్ ఉంటారు. మనం అరిచింది రాసుకుంటారు. గాలి మరకు ఆ టెంటు కూడా లేదు. ఎందుకంటే అది ‘శుభ్రమైన’ కరెంటు. శుభ్రం అనే మాట వినగానే మన చెవులు నిక్కబొడుచుకోవాలి మిత్రులారా. ఆ మాటతో మనల్ని ఎన్ని బావుల నుంచి, ఎన్ని గడపల నుంచి వెళ్లగొట్టలేదు!

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. బంజరు అనే పేరు ఎట్లా పుట్టింది? సర్కారుకు శిస్తు కట్టని నేలకు సర్కారు పెట్టుకున్న పేరు అది. 1800లో దత్త మండలాలు కుంపిణీ చేతికి వచ్చాక మన్రో దొర అనంతపురంలో కూర్చొని రైతువారీ లెక్కలు కట్టించాడు. శిస్తు ఇచ్చే పొలానికి పేరు, నంబరు. గొర్రె మేసే కొండ, ఈతాకు కోసే వాగు ఆ లెక్కలో ఉత్తవే. నిజాం ఇలాకాలోనూ మన తాతలు ఇవే రకం పేర్లు విన్నారు. బంచరాయి, పోరంబోకు, ఖారీజ్ ఖాతా. దున్నేవానికి పట్టా లేదు, మేపేవానికి పద్దే లేదు.

అంబేడ్కర్ ఈ ఉత్త భూముల విలువ ఎరిగినవాడు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఆయన ఏం అడిగాడో చూడండి. సాగులో లేని సర్కారు భూములన్నీ ఒక సెటిల్‌మెంట్ కమిషన్ చేతిలో పెట్టి, అంటరానివాళ్లకు వేరే ఊళ్లు కట్టమన్నాడు. ఆ ఊళ్లు రాలేదు. వచ్చింది లావణి పట్టా, అసైన్డ్ పట్టా. రాళ్లు ఏరి, ముళ్లు కొట్టి సాగులోకి తెచ్చుకుంటే, అవసరం పడ్డప్పుడు సర్కారు ‘మాదే’ అని వెనక్కి తీసుకునేది, ఎక్స్‌గ్రేషియా పేరుతో కొంత చేతిలో పెట్టేది. పట్టాదారులకిచ్చినట్టే అసైన్డ్ రైతుకూ మార్కెట్ ధర కట్టివ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు పెద్ద బెంచి మేకల పాండు కేసులో తేల్చేసరికి 2004 వచ్చింది.

2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. మూడేండ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీ, కౌలుదారు కూడా బాధిత కుటుంబమే అంది. మన రాష్ట్రంలో 2015 జూలైలో జీవో 123 తెచ్చి, భూమిని నేరుగా కొనేస్తే ఆ చట్టంతో పని లేదన్నారు. జహీరాబాద్ నిమ్జ్ ప్రాంతపు వ్యవసాయ కూలీలు హైకోర్టుకు పోయారు. భూమి అమ్ముకునేవానికి డబ్బులొస్తయి, మా కూలి సంగతేంది అని అడిగారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. తర్వాత అప్పీళ్లు, సవరణలు చాలా నడిచాయి, అది వేరే కథ. కానీ గుంట భూమి లేనివాళ్లు గెలిచిన రోజు అది. మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

కల్పవల్లి లాంటి చోట ఈ చట్టం చేతికి అందదు. అది సేకరిస్తేనే పనిచేస్తుంది. బంజరు కాగితం మీద ముందే సర్కారుది, సేకరించడానికి ఏముంది? అప్పగిస్తే సరిపోతుంది. సేకరణ లేదు కాబట్టి బాధితుడు లేడు. గొర్రెల కాపరి లేడు, బోద గడ్డి కోసే అమ్మ లేదు, ఈతాకు అల్లే అవ్వ లేదు.

మా అమ్మ సాగర్ ఎడమ కాలువ కింద ముప్పై ఏండ్లు నాట్లు వేసింది. ఏ పహాణీలోనూ ఆమె పేరు లేదు. రేపు ఆ పొలాల్లో ఏ ప్లాంటు వచ్చినా, కాగితం లెక్కన ఆమెకు పోయేదేమీ ఉండదు.

నార్వేలో ఫోసెన్ అనే చోట ఇట్లాంటి పంచాయితీ ఒకటి నడిచింది. 151 గాలి మరలు పెట్టారు. అక్కడ రెయిన్‌డీర్లను మేపుకునే సామీ ఆదివాసులు కోర్టుకు పోయారు. 2021 అక్టోబర్ 11న వాళ్ల సుప్రీంకోర్టు, ఆ అనుమతులు చెల్లవు, మేపుకోవడం వీళ్ల సంస్కృతి, అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 27వ అధికరణం దాన్ని కాపాడుతుంది అని తీర్పిచ్చింది. ఆ ఒడంబడిక మీద మన దేశమూ 1979లో ఒప్పుకుంది. తీర్పు వచ్చినా మరలు ఆగలేదు. 500 రోజులు చూసి సామీ యువకులు ఓస్లోలో మంత్రిత్వ శాఖ ఆఫీసులో బైఠాయించారు. అంత ధనిక దేశంలోనూ గెలిచినవాడు మళ్లీ నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. అయితే అక్కడి కోర్టు ముందు మేపేవాడు ఒక మనిషిగా నిలబడ్డాడు. మన కొండ మీద మేపేవాడు ఆ మాత్రం కూడా నిలబడలేదు.

గాలి కరెంటు వద్దని నేను అనను. వీర్లపాలెం బూడిద గురించి రాసిన చేత్తో అట్లా రాయలేను. గాలి మరకైనా సోలార్ పలకలకైనా గ్రామసభ పెట్టాలి, రికార్డులో బంజరు అని ఉన్నచోట ఎవరు ఏం కోసుకుంటున్నారో, ఏం మేపుకుంటున్నారో ముందు రాయాలి. అడుగుతున్నది ఇంతే.

ఆ పిల్లవానికి ఇదంతా మొన్న చెప్పాను. కాసేపు గమ్మున ఉండి, “మా తండ పక్కన గుట్ట ఉంది సార్, అది కూడ బంజరేనట” అన్నాడు. తహసీల్ ఆఫీసుకు పోయి 1954–55 ఖాస్రా పహాణీ నకలు అడగమని చెప్పాను. దొరికితే వచ్చే భాగం దాని మీదే.