కొలతకూ ఒక హద్దుంది: సైకోమెట్రిక్స్‌లో మన సి.ఆర్. రావు

ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ళ కథలో సి.ఆర్. రావు గారి ప్రస్తావన రాని సభ ఉండదు. క్రామర్-రావు అసమానత అంటాం, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటాం, పద్మవిభూషణ్ అని చప్పట్లు కొట్టి ముందుకు సాగిపోతాం. ఆయన గణాంక శాస్త్రవేత్త, సందేహం లేదు. అయితే మనిషి తెలివినీ చదువునూ పరీక్ష పెట్టి కొలిచే శాస్త్రం ఒకటుంది. దాన్నే సైకోమెట్రిక్స్ అంటున్నాం. ఆ శాస్త్రానికి రావు గారు చేసిన మేలు గురించి మన వర్సిటీ సంచికల్లో నాకు పెద్దగా కనిపించలేదు. ఏటా లక్షల మంది పిల్లలు ఎంట్రన్స్ పరీక్షలు రాసే తెలుగు నేలకు ఆయన చేసిన పనులన్నిటిలో అదే దగ్గరిదని నా నమ్మకం. అందుకని ఇక్కడ ఆ ఒక్క పాయ గురించే రాస్తున్నాను.

రావు గారు 1920 సెప్టెంబరు 10న, ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగళిలో పుట్టారు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు కలిసొచ్చేలా రాధాకృష్ణ అని పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ బళ్ళు తిరిగి, తండ్రి రిటైరయ్యాక కుటుంబం విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని రావు గారే రాసుకున్నారు. ఏవీఎన్ కాలేజీ తర్వాత మన వర్సిటీలో గణితం చదివి, 1940లో మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు. 1926లో బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం వాల్తేరు చేరి అప్పటికి పదేళ్ళు.

అది యుద్ధకాలం. సైన్యంలో సర్వే విభాగానికి గణితజ్ఞుడు కావాలని తెలిసి రావు గారు ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు. బస చేసిన సౌత్ ఇండియన్ హోటల్లో ఒకాయన పరిచయమయ్యారు. ఆయన ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నారు. ఆ సంస్థ ఎలా ఉంటుందో చూద్దామని రావు గారు వెళ్ళి, చూసి, అక్కడే చేరాలని నిశ్చయించుకున్నారు. 1941 జనవరి 1న చేరారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు అదే ఆయన ఇల్లు.

అక్కడి వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. మహలనోబిస్‌ను మనం పంచవర్ష ప్రణాళికలతోనూ శాంపిల్ సర్వేలతోనూ గుర్తుపెట్టుకుంటాం. కానీ ఆయన 1930లలోనే బెంగాలీలో తయారైన బుద్ధి పరీక్షల మార్కులను గణాంక పద్ధతుల్లో పరిశీలించారు. భారతీయ భాషలో పెట్టిన పరీక్ష ఎంత నమ్మదగినదన్న ప్రశ్న ఆ సంస్థకు మొదటినుంచీ సొంత ప్రశ్న. రావు గారు అలాంటి చోట చేరారు.

1944 ప్రాంతంలో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే, బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఫలితం ఆనాటి పాఠం. ఆ ఫలితం శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు వర్తిస్తుంది. తరగతిలో ఒక విద్యార్థి లేచి, చిన్న శాంపిల్‌కు కూడా ఇలాంటిది నిరూపించవచ్చా అని అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్, తర్వాత పేరుమోసిన ఆర్థికవేత్త. రావు గారు ఇంటికి వెళ్ళి ఆ రాత్రే కూర్చుని సాధించి, మర్నాడు తరగతిలో చూపించారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితానికి రావడంతో క్రామర్-రావు అసమానతగా ఇద్దరి పేరూ నిలిచింది. స్థూలంగా అది చెప్పేదిది: మీ దగ్గరున్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని ఏ అంచనాలోనైనా పొరపాటు ఇంతకు తగ్గదు. ఎంత తెలివైన పద్ధతి వాడినా ఆ హద్దు దాటలేరు.

ఇది పరీక్ష హాలుకు ఎలా చేరిందో కొంచెం తీరిగ్గా చూడాలి. 1968లో ఫ్రెడరిక్ లార్డ్, మెల్విన్ నోవిక్ మానసిక పరీక్షల స్కోర్లపై రాసిన గ్రంథంలో అలన్ బర్న్‌బామ్ కొన్ని అధ్యాయాలు రాశాడు. పరీక్షలో ఒక్కొక్క ప్రశ్నా విద్యార్థి సామర్థ్యం గురించి ఎంత సమాచారం ఇస్తుందో అందులో లెక్కకట్టాడు. డెన్మార్క్ గణితజ్ఞుడు గియోర్గ్ రాష్ ఇచ్చిన సరళమైన నమూనాలో ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఒక పిల్ల ఆ ప్రశ్నను సరిగా చేసే అవకాశం ఎంతో, తప్పే అవకాశం ఎంతో చూసి, రెంటినీ గుణించడమే. సగం-సగం అవకాశమున్న ప్రశ్న 0.25 సమాచారం ఇస్తుంది. అంతకు మించి ఏ ప్రశ్నా ఇవ్వదు. నూటికి తొంభై వంతులు చేయగలిగిన ప్రశ్న 0.09 మాత్రమే ఇస్తుంది.

ఆ పిల్ల స్థాయికి సరిగ్గా సరిపోయిన 40 ప్రశ్నలు పెట్టామనుకోండి. మొత్తం సమాచారం 10. రావు గారి హద్దు ప్రకారం ఆమె సామర్థ్యం అంచనాలో పొరపాటు 10 వర్గమూలానికి విలోమం, అంటే సుమారు 0.32 లాజిట్ (ఈ నమూనాలో సామర్థ్యాన్ని కొలిచే యూనిట్). దానికన్నా తగ్గదు. ఆ పొరపాటును సగానికి తేవాలంటే 80 ప్రశ్నలు చాలవు, 160 కావాలి. అదే ఆమె నూటికి తొంభై వంతులు చేయగలిగిన తేలిక ప్రశ్నలు పెడితే, ఆ 40 చేసిన పనికే సుమారు 111 కావాల్సి వస్తుంది. విద్యార్థి జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుకునే కంప్యూటర్ పరీక్షలు ఈ లెక్క మీదే నిలబడ్డాయి. వాల్తేరులో లెక్కలు నేర్చిన కుర్రవాడు ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక్క రాత్రిలో తేల్చిన హద్దే దానికి ఆధారం.

మనస్తత్వ పరీక్షలతో ఆయన సంబంధం ఇలా పరోక్షంగా ఏర్పడినది మాత్రమే కాదు. కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తిచేశాక, 1949లో పాట్రిక్ స్లేటర్‌తో కలిసి న్యూరోసిస్ అనే మానసిక రుగ్మత ఉన్నవారి స్కోర్లను విశ్లేషించారు. ఆందోళన, హిస్టీరియా, అబ్సెషన్ వంటి గుంపులున్నాయి, పక్కన ఆరోగ్యవంతుల గుంపూ ఉంది. ఒక్కొక్కరికీ మూడు స్కోర్లు. ఎముకల కొలతలతో జాతుల మధ్య దూరాన్ని లెక్కించే గణాంక విద్యనే ఇక్కడ మనసుల మధ్య దూరానికి వాడారు. ఆ దత్తాంశం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణగా నిలిచి ఉంది.

1955లో సైకోమెట్రికా పత్రికలో వచ్చిన వ్యాసం ఇంకా ముఖ్యం. తెలుగు, లెక్కలు, సైన్సు, సోషల్ మార్కులు కలిసి పెరుగుతూ తరుగుతూ ఉంటే, వాటి వెనుక కంటికి కనిపించని సామర్థ్యాలు ఏవో ఉన్నాయని ఊహిస్తాం. వాటిని వెలికితీసే పద్ధతే ఫ్యాక్టర్ ఎనాలిసిస్. 1904 నుంచీ మనస్తత్వవేత్తలు దాన్ని పట్టుకున్నారు గానీ, ఎన్ని ఫ్యాక్టర్లు ఉన్నాయో నిర్ణయించడం చాలాసార్లు చూపు మీదా అనుభవం మీదా ఆధారపడేది. గమనించిన మార్కులతో అత్యధిక సహసంబంధం ఉన్న ఫ్యాక్టర్లనే తీసుకోవాలని రావు గారు ప్రతిపాదించి, ఎన్ని చాలునో పరీక్షించే మార్గం చూపారు. లాలీ అనే గణాంకవేత్త అంతకుముందే మరో దారిన రాబట్టిన సమీకరణాలకే ఆయన దారీ చేరింది. ఇందులో ఇంకో సుగుణం, పేపరు 50 మార్కులకు పెట్టినా 100కి పెట్టినా ఫలితం మారదు. 1970లలో ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ తెరిస్తే ఫ్యాక్టర్ పద్ధతుల వరసలో 'రావు' అన్న పేరొకటి కనిపించేది. మనస్తత్వశాస్త్రం చదువుకున్న నాబోటివాళ్ళకు అది కలిగించే గర్వం వేరు.

ఆయన ఇచ్చిన మరో సాధనం స్కోర్ టెస్ట్, 1948 నాటిది. ఆర్థికశాస్త్రంలో దీన్ని లగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అంటారు. సైకోమెట్రిక్స్‌లో దాని ఉపయోగం మనకు ఎంతో అవసరమైన చోట ఉంది. సామర్థ్యం సమానంగా ఉన్న ఇద్దరు పిల్లల్లో తెలుగు మీడియం పిల్లకు ఒక ప్రశ్న అన్యాయంగా కష్టమవుతోందా అన్నది ఈ పరీక్షతో తేల్చవచ్చు. ప్రశ్నలో సబ్జెక్టు కష్టం ఎంత, భాష కష్టం ఎంత అన్నది వాదనతో తేలదు, లెక్కతో తేలుతుంది.

ఎనభయ్యారేళ్ళు దాటాక కూడా రావు గారు ఈ పాయను వదల్లేదు. సందీప్ సిన్హరేతో కలిసి సంపాదకత్వం వహించిన వెయ్యి పేజీలు దాటిన సైకోమెట్రిక్స్ హ్యాండ్‌బుక్ 2007లో వెలువడింది. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలో, నూటరెండేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు మన పిల్లల స్కోరు కార్డులు చూడండి. జేఈఈ మెయిన్ పర్సంటైల్‌ను ఏడు దశాంశ స్థానాల దాకా అచ్చువేస్తారు. దాని పక్కన పొరపాటు పరిధి ఎంతో చెప్పే అంకె ఉండదు. జీఆర్‌ఈ నిర్వాహకులు మాత్రం ఆ పొరపాటును లెక్కగట్టి అందరికీ తెలిసేలా ప్రచురిస్తారు. ఏడో దశాంశంలో తేడా వచ్చిన ఇద్దరు పిల్లల మధ్య ఏ తేడా ఉందో ఏ పరీక్షా చెప్పలేదు. ఆ తేడాతోనే సీటూ కాలేజీ, ఒక్కోసారి ఇంట్లో గౌరవమూ మారిపోతున్నాయి. పరీక్షలు వద్దని నేననడం లేదు. ర్యాంకును ఒక అంచనాగా చూడడం మాత్రం నేర్చుకోవాలి.

అందుకే నూరేళ్ళు నిండుతున్న మన విశ్వవిద్యాలయానికి ఒక మనవి. ఐసెట్, ఎడ్‌సెట్ వంటి ప్రవేశ పరీక్షలను మన వర్సిటీ పలుమార్లు నిర్వహించింది. ఇకముందు ఆ బాధ్యత వచ్చినప్పుడు ఫలితాలతోపాటు స్కోరులోని పొరపాటు పరిధినీ, ప్రశ్నలవారీ విశ్లేషణనూ ప్రకటించండి. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఏ ప్రశ్న వేర్వేరుగా పనిచేసిందో పరిశీలించి బయటపెట్టండి. సైకాలజీ శాఖా స్టాటిస్టిక్స్ శాఖా రెండూ మన ఆవరణలోనే ఉన్నాయి. పద్ధతి మన పూర్వ విద్యార్థి ఎప్పుడో ఇచ్చారు.