దఖన్ దర్వాజా

"మా పుర్ఖే దిల్లీ తరఫ్ నుంచి వచ్చారు" అనే మాట మన ఇళ్లలో చాలామంది విన్నదే. ఏ రాస్తాలో వచ్చారని నేను అడుగుతుంటాను. జవాబు రాదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివిన తారీఖ్ కితాబుల్లో బాద్షాలు ఉన్నారు, ఖిల్లాలు ఉన్నాయి, దారులు లేవు. అందుకే ఒక దారి సంగతి చెప్తాను.

మధ్యప్రదేశ్ నక్షా తీయండి. పైన నర్మద, కింద తపతి. రెండూ పడమటికే పారతాయి. మధ్యలో సాత్పురా కొండలు గోడలా అడ్డం. ఖండ్వా, బుర్హాన్‌పూర్ షహర్ల మధ్య ఆ గోడ కుంగిపోయింది. ఫౌజులు, ఎడ్లబండ్లు, తోపులు దాటగలిగిన కనుమ అది. 1870లో పూర్తయిన బొంబాయి-అలహాబాద్ రైలు దారి కూడా ఈ సందులోంచే వెళ్తుంది. బుర్హాన్‌పూర్‌కు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దారిని కనిపెట్టుకుని కూర్చున్నట్టు, కొండ మీద అసీర్‌గఢ్ ఖిల్లా. దాన్నే బాబ్-ఎ-దఖన్ అన్నారు.

ఈ దర్వాజా తల్వార్‌తో తెరుచుకోలేదు. నెలల తరబడి ముట్టడి తర్వాత 1601 జనవరిలో ఖిల్లా అక్బర్ చేతికి వచ్చింది. లోపల వబా వచ్చి జనం చచ్చారని అబుల్ ఫజల్ రాశాడు. లంచాలు పనిచేశాయని జెసూట్ పాద్రీలు రాశారు. ఫారూఖీల సల్తనత్ అంతటితో ఖతమ్.

1681లో ఔరంగజేబ్ బుర్హాన్‌పూర్ చేరాడు. మళ్లీ ఉత్తరానికి పోలేదు. 1707లో అహ్మద్‌నగర్‌లో ఇంతెకాల్ అయ్యాడు.

మనకు దగ్గరి సంగతి 1720ది. మాల్వా సుబేదార్‌గా ఉన్న నిజాముల్ ముల్క్‌కు దిల్లీలో సయ్యద్ సోదరులతో చెడింది. ఆయన నర్మద దాటాడు. అసీర్‌గఢ్ సిపాయిలకు చాలాకాలంగా తన్‌ఖా లేదు. ఆ బకాయి చెల్లించగానే జంగ్ లేకుండానే ఖిల్లా ఆయనదైంది. తర్వాత బుర్హాన్‌పూర్. జూన్‌లో తరుముకొచ్చిన దిలావర్ అలీ ఖాన్ ఓడిపోయాడు. నాలుగేళ్ల తర్వాత షకర్‌ఖేడా గెలుపుతో ఆసఫ్‌జాహీ రియాసత్ నిలబడింది. ఆ కొండ మీద సిపాయిలకు జీతాలు సమయానికి అంది ఉంటే, హైదరాబాద్ తారీఖ్ ఇంకోలా నడిచేదేమో!

బుర్హాన్‌పూర్‌కు ఆ పేరు ఖుల్దాబాద్ ఔలియా బుర్హానుద్దీన్ గరీబ్ సాహెబ్ మీద పెట్టారు. 1748లో నిజాముల్ ముల్క్ ఆ షహర్‌లోనే కన్నుమూశారు. ఆయన మజార్ ఖుల్దాబాద్‌లో, అదే ఔలియా దర్గా ఆవరణలో ఉంది.

మన ఇళ్లలో షజ్రా తీస్తే అందరం నవాబుల వారసులమే! నిజానికి ఆ కనుమ దాటిన వాళ్లలో ఎక్కువమంది తన్‌ఖా కోసం ఎదురుచూసిన సిపాయిలు, బండ్లు తోలినవాళ్లు, వంటవాళ్లు, గుర్రాలకు గడ్డి కోసినవాళ్లు. ఏ కనుమా దాటకుండా ఇక్కడి మట్టిలోనే పుట్టిన ఖాందాన్లూ మనలో ఎన్నో. ఇందులో షరం పడాల్సింది ఏముంది? పిల్లలకు ఆ సంగతి కూడా చెబుదాం.