మడవకండి, గుచ్చకండి, చింపకండి

పంచ్ కార్డుల కాలాన్ని మనలో ఎవరం చూడలేదు. మెయిన్‌ఫ్రేమ్ ట్రెయినింగులో ఎవరో సీనియర్ చెప్తే విన్నాం, అంతే. కార్డుకి 80 నిలువు వరసలు, చిల్లు ఎక్కడ పడిందో దాన్ని బట్టి అక్షరం. కార్డు కాస్త నలిగినా మిషను చదవలేదు కాబట్టి మడవకండి, ఊచకి గుచ్చకండి (కిరాణా కొట్లో బిల్లులు గుచ్చిపెడతారే, అలాంటి ఊచ), చింపకండి అని వాటి మీద అచ్చేసేవారు. 1964లో బర్కిలీ విద్యార్థులు ఆ హెచ్చరికని తీసుకెళ్ళి తమకే తగిలించుకున్నారు. నేను ఈ యూనివర్సిటీ స్టూడెంటుని, దయచేసి నన్ను మడవకండి, చింపకండి అని! కొందరు కార్డుల మీద ఎఫ్ఎస్ఎం అనీ, స్ట్రైక్ అనీ కనబడేలా చిల్లులు కొట్టి మరీ తగిలించుకున్నారు. ఎఫ్ఎస్ఎం అంటే ఫ్రీ స్పీచ్ మూమెంట్.

బర్కిలీ అంటే మనకి బీఎస్‌డీ యునిక్స్ పుట్టిన చోటు. దానికి పదేళ్ళకి పైగా ముందు జరిగిన ఈ గొడవ మొదలైంది మాత్రం ఒక ఫుట్‌పాత్ దగ్గర.

బాంక్రాఫ్ట్, టెలిగ్రాఫ్ రోడ్లు కలిసే చోట, కాంపస్ గేటు ముందు ఒక 26 అడుగుల ఇటుకల నడవ ఉండేది. కాంపస్ లోపల రాజకీయాలు నిషిద్ధం కాబట్టి విద్యార్థి సంఘాలన్నీ ఆ నడవ మీద బల్లలు వేసుకుని కరపత్రాలు పంచేవి, చందాలు వసూలు చేసేవి. అది సిటీ వాళ్ళ స్థలమని అందరి నమ్మకం. తీరా చూస్తే అది యూనివర్సిటీదేనట. 1964 సెప్టెంబరులో డీన్ కాథరిన్ టౌల్ నుంచి సంఘాలకి ఉత్తరాలు వెళ్ళాయి. ఇకమీదట ఇక్కడ బల్లలు లేవు, చందాలు లేవు, ప్రచారాలు లేవు.

ఉన్నట్టుండి ఆ నడవ మీద అంత శ్రద్ధ ఎందుకొచ్చినట్టు? ఆ ఏడాది మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో షెరటన్ పాలెస్ హోటల్లో నల్లవారికి మంచి ఉద్యోగాలు ఇవ్వడం లేదని విద్యార్థులు ధర్నా చేసి అరెస్టయ్యారు. ఎండాకాలంలో కొందరు మిసిసిపీ వెళ్ళి నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించే పనిలో ఉన్నారు. వాళ్ళల్లో ఒకడు మారియో సావియో. ఈ పనులన్నిటికీ మనుషులూ, డబ్బులూ పోగయ్యేది ఆ బల్లల దగ్గరే. కాబట్టి ట్రాఫిక్కి అడ్డం అన్న వంక ఎవరికీ ఎక్కలేదు.

తర్వాత జరిగింది చూస్తే మన ప్రొడక్షన్ ఇష్యూలు గుర్తొస్తాయి. అసలు లోపం దిద్దకుండా పాచ్ మీద పాచ్. మొదట బల్లలే వద్దన్నారు. వారం తిరక్కుండానే బల్లలు వేసుకోండి కానీ సమాచారం మాత్రమే ఇవ్వాలి, ఫలానా పని చెయ్యండి అనకూడదు అన్నారు. ఇంకో వారానికి ఎన్నికల కరపత్రాలు పంచొచ్చు, కానీ చందాలు వద్దన్నారు. ఏది సమాచారమో, ఏది ప్రచారమో ఎవరు తేల్చాలి? ఇలా రూలు మారినప్పుడల్లా కోపం ఇంకో నలుగురికి అంటుకునేది. విచిత్రమేమిటంటే సోషలిస్టులతో పాటు, వాళ్ళంటే గిట్టని గోల్డ్‌వాటర్ అభిమానులు కూడా ఒకే జట్టులో చేరారు. బల్ల పోయింది ఇద్దరిదీ మరి.

సెప్టెంబరు 30న రూలు తప్పారని ఐదుగుర్ని పిలిస్తే, మేం కూడా తప్పాం, మమ్మల్నీ పిలవండి అని వందలమంది సంతకాలు పెట్టి వెళ్ళారు. అధికారులు ఆ ఐదుగురితో పాటు ఇంకో ముగ్గుర్ని కలిపి ఎనిమిదిమందిని సస్పెండ్ చేశారు.

మర్నాడు, అక్టోబరు 1న, జాక్ వైన్‌బర్గ్ అనే మాజీ విద్యార్థిని బల్ల దగ్గరే అరెస్టు చేసి పోలీసు కారెక్కించారు. ఎవరో కూర్చోండి అన్నారు, అంతే. కారు చుట్టూ వందలమంది కూర్చుండిపోయారు. ఆ కారు 32 గంటలు కదల్లేదు. వైన్‌బర్గ్ అందులోనే ఉన్నాడు. కారు పైకప్పే వేదికైంది, మాట్లాడాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి మాట్లాడారు. సావియో ఎక్కేముందు బూట్లు విప్పాడు, కారు పాడవకూడదని! మామూలుగా నత్తి ఉన్న మనిషి, జనం ముందు నిలబడితే మాట తడబడేది కాదు. రాత్రి వీళ్ళంటే పడని కుర్రాళ్ళు కొందరు వచ్చి గుడ్లు విసిరినా తిరగబడకుండా కూర్చున్నారు. మర్నాడు సాయంత్రానికి వందలమంది పోలీసులు మోహరించాక, యూనివర్సిటీల ప్రెసిడెంట్ క్లార్క్ కెర్ రాజీ కుదిర్చాడు.

అన్నట్టు, ముప్ఫై దాటినవాణ్ణి నమ్మొద్దు అన్న మాట ఈ వైన్‌బర్గ్‌దే. నాకింకా ఒకటి రెండేళ్ళు గడువుంది.

ఇక్కడ కెర్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన విలనేమీ కాదు. కాలిఫోర్నియా ఉన్నత విద్యకి 1960లో మాస్టర్ ప్లాన్ తయారుచేయించిన ఉదారవాది. కానీ యూనివర్సిటీని జ్ఞాన పరిశ్రమగా చూసిన మనిషి. సావియో పట్టుకున్నది సరిగ్గా అదే. డిసెంబరు 2న స్ప్రౌల్ హాల్ మెట్ల మీద మాట్లాడుతూ, ఇది కంపెనీ అయితే ప్రొఫెసర్లు ఉద్యోగులు, మేం ముడిసరుకు, అలా ఉండటం మాకు ఇష్టం లేదు అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. పాత కేసులు తిరగదోడి నాయకుల మీద చర్యలకి ఉత్తరాలు పంపడంతో రాజీ అప్పటికే చెడింది. ఆ రోజు వెయ్యిమందికి పైగా హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు. జోన్ బాయెజ్ పాటలు పాడింది. లోపల సినిమాలు వేసుకున్నారు, క్లాసులు కూడా చెప్పుకున్నారు. అర్ధరాత్రి దాటాక గవర్నర్ పాట్ బ్రౌన్ ఆజ్ఞతో పోలీసులు దిగారు. సుమారు 800 మందిని మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళి అరెస్టు చెయ్యడానికి పన్నెండు గంటల దాకా పట్టింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది డిసెంబరు 8న అధ్యాపకుల సెనేట్ చేసిన తీర్మానం. 824 మంది అవును, 115 మంది కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా మాట్లాడాలో యూనివర్సిటీ చెప్పొచ్చు, చదువులకి అడ్డం రాకుండా చూసుకోవచ్చు. ఏం మాట్లాడాలో మాత్రం చెప్పకూడదు. అంటే పిల్లలు రూల్సే వద్దనలేదు. మైకు పెట్టడానికి టైము పెట్టండి, సరే. మైకులో ఏం చెప్పాలో మీకెందుకు అన్నారు. క్రమశిక్షణ పేరుతో జీన్సుకి ఫైనూ, అమ్మాయితో మాట్లాడితే ఇంటికి ఫోనూ భరించి ఇంజినీరింగ్ గట్టెక్కిన మనలో చాలామందికి ఈ తేడా ఎవరూ చెప్పలేదు. మా కాలేజీలో ఎందుకండీ ఈ రూలు అని అడగడమే రూలు తప్పడం.

1965 జనవరిలో కొత్త చాన్సలర్ వచ్చి స్ప్రౌల్ హాల్ మెట్ల మీద సభలకీ, బల్లలకీ అనుమతిచ్చాడు. అలాగని అంతా సుఖాంతం కాదు. బర్కిలీలో ఈ చెత్త ఊడుస్తానంటూ తిరిగిన రోనాల్డ్ రీగన్ 1966లో గవర్నర్‌గా గెలిచాడు. 1967 జనవరిలో కెర్ ఉద్యోగం పోయింది. పిల్లలకి మెతకగా ఉన్నాడని ఒకరూ, కఠినంగా ఉన్నాడని ఇంకొకరూ.. పాపం ఇద్దరికీ చెడ్డాడు.

సావియో జైలుకెళ్ళొచ్చాడు, చదువు మధ్యలో ఆగిపోయింది. ఫిజిక్స్ డిగ్రీ చేతికొచ్చేసరికి 1984, అదీ వేరే యూనివర్సిటీ నుంచి. తర్వాత సొనోమా స్టేట్‌లో పాఠాలు చెప్పుకున్నాడు. 1996 నవంబరులో గుండె ఆగి చనిపోయేనాటికి, ఆ కాలేజీలో విద్యార్థుల ఫీజు పెంచొద్దని అధికారులతో వాదిస్తూ ఉన్నాడు. మరుసటి ఏడు స్ప్రౌల్ హాల్ మెట్లకి బర్కిలీ వాళ్ళే ఆయన పేరు పెట్టారు.