అడిగిన మాటను బట్టే లెక్క



జనగణన దగ్గరికొస్తోంది. మన ప్రాంతాలకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా ప్రకటించారు. ఎక్కడ చూసినా 'మనం ఏం చెప్పాలి' అనే చర్చే. మనల్ని ఇంతకు ముందు ఏమని అడిగారు అన్నది కూడా ఒకసారి చూద్దాం.

ముందు భాష. 1891 ఫారంలో 'పేరెంట్ టంగ్' అని ఉండేది, అంటే అమ్మానాన్నల భాష. 1901కి అది 'మామూలుగా వాడే భాష' అయింది. 1931 నుంచి 'మదర్ టంగ్'. మూడూ ఒకటేలే అనిపిస్తుంది. కానీ ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే మనిషిని మామూలుగా ఏం వాడతావు అంటే ఏం చెప్పాలి? అడిగేది తెలుగులో, జవాబిచ్చేదీ తెలుగులోనే. 'తెలుగే' అంటాడు. అబద్ధమేం కాదు, కానీ ఆ గడిలో కోయ ఉండదు.

మదర్ టంగ్ తెలుగులోకి 'మాతృభాష'గా వచ్చింది. అది బడి మాట. బడికి పోని అవ్వకు అది ప్రశ్నలాగే వినపడదు. నిజానికి జనగణన వాళ్ల నిర్వచనం చాలా సాదాగా ఉంది: చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష, అమ్మ పసితనంలోనే పోయి ఉంటే ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. 'నీ చిన్నప్పుడు మీ అమ్మ నీతో ఏం భాష మాట్లాడేదవ్వా?' అని అడిగితే టక్కున చెప్తుంది. నిర్వచనం పుస్తకంలో ఉండిపోయి, మాతృభాష అన్న మాటొక్కటే గుమ్మం దాకా వచ్చింది.

2011లో దేశం మొత్తం మీద కోయ మాతృభాషగా రాయించినవాళ్లు 4.07 లక్షలు. ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోయ జనం 5 లక్షలు దాటారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్లను కలపకుండానే. గోండి 29.84 లక్షలు, గోండులేమో కోటికి పైనే. ఈ తేడా అంతా ప్రశ్న తప్పే అనడం లేదు. భాష నిజంగా పోయిన గూడేలు ఉన్నాయి, మనందరికీ తెలుసు. కానీ పోయింది ఎంత, అడగడంలో జారింది ఎంత అన్నది ఈ అంకెలు చూసి విడదీయలేం. లంబాడీ సోదరులది ఇంకో కథ. 32 లక్షలకు పైగా మంది సరిగ్గానే రాయించారు, పట్టికలో మాత్రం హిందీ కింద చేర్చారు.

ఇక మతం. ఈ మాటకు పాత అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అనడంలో ఇంకా అదే ఉంది. 'మీ మతం ఏది?' అంటే మన పెద్దాయన పక్కవాళ్ల వైపు చూస్తాడు. అదే 'మీది ఏ గట్టు? మీ వేల్పు ఎవరు?' అనండి, చెట్టు కింద కూర్చోబెట్టి గంటసేపు చెప్తాడు. ఆ గంటసేపటి జవాబుకు ఫారంలో గడి లేదు.

1901లో మనలాంటి వాళ్లను 'యానిమిస్ట్' అన్నారు. ఏ గూడెంలోనూ ఎవరూ తమ గురించి చెప్పుకున్న మాట కాదది, రాసుకున్నవాళ్ల మాట. 1931లో, హట్టన్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, 'గిరిజన మతం' అయింది. తర్వాత ఆ గడే లేకుండా పోయింది, ఆరు మతాలు కాకపోతే 'ఇతర' కింద విడిగా చెప్పి రాయించుకోవాలి. అయినా 2011లో దాదాపు 79 లక్షల మంది అలా రాయించారు. అందులో 49 లక్షల పైచిలుకు సర్నా, 10 లక్షల పైచిలుకు గోండి. 2020 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ సర్నాకు ప్రత్యేక కోడ్ కావాలని తీర్మానం కూడా చేసింది. వాళ్లకు చెప్పడానికి ఒక్క మాట ఉంది. మన దగ్గర పునెం అనేవాళ్లున్నారు, వేల్పు పేరు చెప్పేవాళ్లున్నారు, ఏమీ అనకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ఈసారి ఫోన్లలో నింపుతారట. అందుకని ఒక పని చేద్దాం. ఈ రెండు ప్రశ్నలు కోయలో, గోండిలో, కొలామీలో, కువిలో, సవరలో ఎలా అడిగితే ఇంట్లో అవ్వకు అర్థమవుతుందో అవ్వనే అడిగి రాయండి. ఊరి పేరు కూడా పెట్టండి, ఊరూరికీ మాట మారుతుంది. 'మతం' అన్నదానికి మీ భాషలో మాట లేకపోతే లేదనే రాయండి.