నేపుల్స్ '44: జయించిన ఊళ్లో ఒక సార్జెంటు

1943 సెప్టెంబరు చివర నేపుల్స్ ప్రజలు నాలుగు రోజులపాటు వీధుల్లో జర్మన్ సైన్యంతో పోరాడారు. అక్టోబరు 1న మిత్రరాజ్యాల సేనలు ప్రవేశించేసరికి రేవు శిథిలమై ఉంది, కుళాయిల్లో నీళ్లు లేవు. జర్మన్లు దాచిపెట్టి వెళ్లిన బాంబు వారం తిరక్కముందే పెద్ద తపాలా కార్యాలయంలో పేలింది. ఆ నగరానికి బ్రిటిష్ సైనిక నిఘా విభాగంలో సార్జెంటుగా వచ్చిన నార్మన్ లూయిస్ దినచర్య ఈ పుస్తకం.

ఇందులో యుద్ధం కొంచెమే, ఉన్నదంతా ఆకలి. నగరంలోని మత్స్యప్రదర్శనశాల చేపలు కూడా జనం కడుపుల్లోకి పోయాయి. డబ్బా ఆహారం కోసం ఇల్లాళ్లు దేహాలను అమ్ముకోవలసి వచ్చింది. బ్రిటిష్ సైనికులను పెళ్లాడదలచిన అమ్మాయిల నడవడిని విచారించి నివేదిక ఇవ్వడం లూయిస్ ఉద్యోగంలో ఒక భాగం. ఏమి తిని బతుకుతున్నదో తెలిసి కూడా శీలాన్ని గురించి రాయాలి! పనిలేని ఒక న్యాయవాది అద్దె బంధువుగా బతుకుతాడు. చావు జరిగిన ఇంటి పరువు నిలబెట్టడానికి 'రోమ్ నుంచి వచ్చిన బాబాయి'గా అంత్యక్రియల్లో హుందాగా నిలబడటమే అతని జీవనాధారం. ఆ పుటలు చదువుతూ నవ్వాను, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

వైద్యుడిగా నన్ను ఆపినది ఆ చలికాలపు టైఫస్. మనకు తెలిసిన టైఫాయిడ్ కాదిది, ఒంటి పేల వల్ల వ్యాపించే జ్వరం. బట్టలు విప్పించకుండానే మెడ దగ్గర, చేతుల దగ్గర గొట్టం దూర్చి లక్షలాదిమందికి డీడీటీ పొడి కొట్టారు. చలికాలం దాటకముందే వ్యాధి లొంగింది. సైన్యానికే సరిగా చాలని పెన్సిలిన్ మాత్రం దొంగబజారుకు చేరింది. ఔషధం కొరతలో ఉన్నప్పుడు ఎవరి ప్రాణానికి ముందు అందుతుందో ఆస్పత్రుల్లో పనిచేసేవారికి వివరించనక్కరలేదు.

పుస్తకం 1978లో గాని వెలువడలేదు. ఇన్నేళ్లు ఆగిన దినచర్యను రచయిత మెరుగుపెట్టలేదని నేననుకోను. అయినా నవంబరు 1 నాటి భోజనశాల దృశ్యాన్ని అనుమానించడానికి మనసొప్పదు. అనాథాశ్రమం నుంచి వచ్చిన కొందరు అంధబాలికలు ఏడుస్తూ లోపలికి వస్తారు. ఒక్కొక్క బల్లకూ తగిలి తడుముకుంటూ పోతారు. తింటున్నవాళ్లెవరూ తినడం ఆపరు. అంతవరకు తాను ఆశావాదిననీ, ఆనాటితో అది పోయిందనీ లూయిస్ రాసుకున్నాడు. తరువాత మార్చిలో వెసూవియస్ బద్దలైనప్పుడు కూడా అతని స్వరం అంతగా కంపించదు.