మన్యం పోరులో మనవాళ్లు

ఏటా బడిలో అల్లూరి సీతారామరాజు గారి గురించి చెబుతాం. పిల్లలు విల్లంబులు పట్టి వేషం కడతారు. ఒకసారి ఒక పిల్ల అడిగింది: "రాజు గారి వెనక నిలబడినవాళ్ల పేర్లేంటి మాస్టారూ?" రెండు పేర్లు చెప్పి ఆగిపోయాం. సిగ్గనిపించింది.

1882 అటవీ చట్టం వచ్చాక మన పోడు నేరమైంది. గూడెం రోడ్డు పనిలో మనవాళ్ల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. ఆ కడుపుమంటే వాళ్లను కదిలించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. దారులు తెలిసినవాళ్లు, గురి తెలిసినవాళ్లు మన కొండ మనుషులే.

గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. రాజు గారు 1924 మే 7న చనిపోయాక గంటందొర పోరు సాగించి, కొద్ది వారాలకే ప్రాణమిచ్చారు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించారు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కొండ మనిషి దొంగ కాదు, దేశం కోసం నిలబడ్డవాడని ఆ ఓటు చెప్పింది.

మరి దళానికి గంజి పోసిన తల్లులు? కబురు మోసిన కుర్రాళ్లు? అందుకు పోలీసుల దెబ్బలు తిన్న ఊళ్లు? వాళ్లకు విగ్రహాల్లేవు. వాళ్ల పేర్లు మన ముసలివాళ్ల నోటనే ఉన్నాయి. వాళ్లు పోతే పేర్లూ పోతాయి.

అందుకే తోటి మాస్టార్లకు, పిల్లలకు మా మాట ఒక్కటే. ఈ సెలవుల్లో తాత దగ్గర, అవ్వ దగ్గర కూర్చోండి. విన్న పేరు, ఊరి పేరు నోటు పుస్తకంలో రాయండి. మన చరిత్ర మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు?